డీబగ్ పిన్‌కి రెండో పని అప్పగిస్తే

సర్క్యూట్ దాదాపు పూర్తయ్యాక రెండు పిన్‌లు తక్కువ పడటం చిన్న మైక్రోకంట్రోలర్లతో పనిచేసే వాళ్లందరికీ అలవాటైన ఇబ్బందే. 20 కాళ్ల ఎస్‌టీఎం32ఎఫ్030ఎఫ్4 చిప్‌నే చూడండి. పవర్‌కీ, గ్రౌండ్‌కీ, రీసెట్‌కీ, బూట్ ఎంపికకీ పోగా వాడుకోదగ్గ పిన్‌లు 15 మిగులుతాయి. వాటిలో పీఏ13, పీఏ14 (పోర్ట్ ఏలో 13, 14వ పిన్‌లు) రెండూ డీబగ్గర్‌వి, అంటే కంప్యూటర్ నుంచి చిప్‌లోకి ప్రోగ్రామ్ ఎక్కించి, దాన్ని ఆపి ఆపి తప్పులు వెతికే పరికరానివి. ప్రోగ్రామ్ ఎక్కించేటప్పుడు తప్ప వాటితో పనే ఉండదు కదా, మిగతా సమయమంతా ఊరికే పడి ఉంటాయెందుకు అనే ఆలోచన వస్తుంది. అక్కడో స్విచ్చో, ఎల్ఈడీయో, రిలేయో తగిలిద్దామనిపిస్తుంది.

చిప్ దీన్ని అడ్డుకోదు. ఒక రిజిస్టర్‌లో, అంటే చిప్ లోపలి సెట్టింగుల గడిలో, కొన్ని బిట్లు మారిస్తే ఆ పిన్‌లు మామూలు ఇన్‌పుట్, అవుట్‌పుట్ పిన్‌లైపోతాయి. అందుకే చాలామంది దీన్ని ఫర్మ్‌వేర్‌లో (చిప్‌లో నడిచే ప్రోగ్రామ్‌లో) ఒక లైన్ వ్యవహారంగా చూస్తారు. అసలు చూడాల్సింది ఏ క్షణంలో ఆ పిన్ ఎవరి చేతిలో ఉంటుందన్నది. పవర్ ఇచ్చిన వెంటనే ఒకరి చేతిలో, ఫర్మ్‌వేర్ పరిగెత్తుతున్నప్పుడు ఇంకొకరి చేతిలో, డీబగ్గర్ తగిలించినప్పుడు మరొకరి చేతిలో ఉంటుంది. ఫ్యాక్టరీలో ప్రోగ్రామే లేని ఖాళీ చిప్‌కి తొలిసారి కరెంటు ఇచ్చినప్పుడు సంగతి వేరు. ఈ నాలుగు సందర్భాల్లోనూ పిన్ అవతలి భాగం ఏం చేస్తుందో చెప్పగలిగితే పంచుకోవచ్చు. ఒక్కదానికి జవాబు లేకపోయినా ఆ డిజైన్ బల్ల మీద బాగానే నడిచి, వందో బోర్డు దగ్గర మొరాయిస్తుంది.

ముందు ఉచితంగా దొరికేవి

ఈ రెండు పిన్‌ల జోలికి వెళ్లేముందు, అడగకుండానే దొరికే పిన్‌లు ఉన్నాయేమో చూసుకోవాలి. పాత జేటాగ్ పద్ధతికి నాలుగైదు తీగలు కావాలి. ఆర్మ్ కార్టెక్స్ చిప్‌లలో వచ్చిన సీరియల్ వైర్ డీబగ్‌కి, అంటే ఎస్‌డబ్ల్యూడీకి, డేటాకి ఒకటి, క్లాక్‌కి ఒకటి చాలు. బ్లూ పిల్ బోర్డుతో అందరికీ తెలిసిన ఎస్‌టీఎం32ఎఫ్103లో జేటాగ్ మొత్తానికీ కేటాయించిన పిన్‌లు ఐదు: పీఏ13, పీఏ14, పీఏ15, పీబీ3, పీబీ4. ఎస్‌డబ్ల్యూడీ మాత్రమే ఉంచుకుని జేటాగ్ తీసేస్తే చివరి మూడూ చేతికొస్తాయి. డీబగ్గర్‌కి నష్టం లేదు. పోయేదల్లా పీబీ3 మీద వచ్చే ట్రేస్ అవుట్‌పుట్ (ప్రోగ్రామ్ నడుస్తుండగానే బయటికి పంపే సమాచారం) ఒక్కటే, దాన్ని వాడేవాళ్లే తక్కువ. అయితే ఐడీఈలో (కోడ్ రాసి, డీబగ్ చేసే సాఫ్ట్‌వేర్‌లో) ట్రేస్ ఆప్షన్ ఆన్‌లో ఉండిపోతే డీబగ్గర్ తగిలించినప్పుడల్లా పీబీ3ని అది తిరిగి లాక్కుంటుంది. డీబగ్గర్ పెడితే ఆ పిన్ వాడే ఎస్‌పీఐ (చిప్‌లు మాట్లాడుకునే బస్) పనిచేయదు, తీసేస్తే పనిచేస్తుంది అనే వింత తగువుకి చాలాసార్లు ఇదే మూలం.

ఎఫ్103లో ఈ ఎంపిక ఏ పిన్‌కి ఏ పనో నిర్ణయించే ఏఎఫ్‌ఐఓ మ్యాప్ రిజిస్టర్‌లోని మూడు బిట్లలో ఉంటుంది. ఆ మూడూ రాయడానికే తప్ప చదవడానికి పనికిరావు. చదివితే ఏ విలువైనా రావచ్చని మాన్యువల్ స్పష్టంగానే చెబుతుంది. కానీ అదే రిజిస్టర్‌లో టైమర్, యూఆర్ట్ (సీరియల్ పోర్ట్) పిన్‌లని వేరే చోటికి మార్చే రీమ్యాప్ బిట్లు కూడా ఉన్నాయి. యూఆర్ట్ పిన్ మార్చడానికి అలవాటుగా ‘ఉన్నది చదివి, ఒక బిట్ కలిపి, తిరిగి రాయడం’ చేస్తే డీబగ్ బిట్లు ఏమయ్యాయో ఎవరికీ తెలియదు. పీబీ3ని విడిపించుకున్న లైను కింద యూఆర్ట్ లైను వస్తే ముందు చేసిన పని చెడిపోవచ్చు. అక్కడ రిజిస్టర్ విలువను ఒక వేరియబుల్‌లో ఉంచుకుని, డీబగ్ బిట్లను ప్రతిసారీ మన చేత్తోనే నింపి రాయాలి.

ఈ చిప్‌ల తయారీదారు ఎస్‌టీ ఇచ్చే, ప్రాజెక్టు కోడ్ తయారుచేసే క్యూబ్‌ఎంఎక్స్ పాత వెర్షన్లు ఎఫ్1 ప్రాజెక్టులకు డీబగ్ సెట్టింగ్‌ని ‘నో డీబగ్’ అని వదిలేసేవి. అలా తయారైన కోడ్ మొదట్లోనే ఎస్‌డబ్ల్యూడీని కూడా మూసేస్తుంది. పిన్‌లు పంచుకునే ఉద్దేశమే లేనివాళ్లు సైతం మొదటిసారి ప్రోగ్రామ్ ఎక్కించి, రెండోసారి చిప్ దొరకక, బోర్డు కాలిపోయిందనుకుని పక్కన పడేసిన సందర్భాలు ఎన్నో.

రీసెట్ అయిన క్షణం

ఇక్కడే ఎక్కువ డిజైన్లు దెబ్బతింటాయి. మామూలు పిన్ రీసెట్‌లో తేలుతూ ఉంటుంది, దాన్ని ఎటూ లాగేవాళ్లుండరు. డీబగ్ పిన్ అలా కాదు. ఎస్‌టీ చిప్‌లలో రీసెట్ నుంచి బయటికి రాగానే పీఏ13 లోపలి పుల్‌అప్‌తో (సరఫరా వైపు లాగే రెసిస్టర్‌తో) పైకీ, పీఏ14 లోపలి పుల్‌డౌన్‌తో (గ్రౌండ్ వైపు లాగేదానితో) కిందికీ లాగి ఉంటాయి. ఫర్మ్‌వేర్ మేల్కొని పిన్ దిశ మార్చేదాకా అదే స్థితి. ప్రోగ్రామ్ లేని చిప్‌లో ఎప్పటికీ అదే స్థితి.

పీఏ13కి ఎన్ ఛానెల్ మాస్‌ఫెట్ (గేటు వోల్టేజీతో ఆన్ అయ్యే ట్రాన్సిస్టర్) గేటు కలిపి, దానితో రిలే నడుపుతున్నారనుకుందాం. గేటు తేలకుండా 100 కిలోఓమ్‌ల రెసిస్టర్‌ని గ్రౌండ్‌కి పెట్టడం అందరూ చేసేదే, వేరే ఏ పిన్ మీదైనా అది సరిపోతుంది. ఇక్కడ లోపలి పుల్‌అప్ సుమారు 40 కిలోఓమ్‌లు. 3.3 వోల్టుల సరఫరాని ఈ రెండూ పంచుకుంటే గేటు మీద 2.36 వోల్టులు నిలబడతాయి. ఏఓ3400 లాంటి లాజిక్ లెవెల్ మాస్‌ఫెట్‌కి 2.5 వోల్టుల దగ్గరే ఆన్ రెసిస్టెన్స్ ఎంతో డేటాషీట్ చెబుతుంది, అంటే అది దాదాపు పూర్తిగా ఆన్ అయినట్టే. కరెంటు ఇచ్చిన ప్రతిసారీ రిలే ఒకసారి టక్కుమంటుంది. ఖాళీ చిప్ ఉన్న బోర్డులో అలా అంటుకునే ఉండిపోతుంది. అవతల ఉన్నది హీటరో, పంపు మోటారో అయితే ఇది నవ్వుకునే సంగతి కాదు.

రెసిస్టర్‌ని 4.7 కిలోఓమ్‌లకి తగ్గిస్తే గేటు 0.35 వోల్టులకి దిగుతుంది. ఎఫ్0 డేటాషీట్ ప్రకారం లోపలి పుల్‌అప్ 25 కిలోఓమ్‌ల దాకా పడిపోవచ్చు, అప్పుడు కూడా లెక్క 0.52 వోల్టుల దగ్గర ఆగుతుంది. ఏఓ3400 కనిష్ఠ త్రెషోల్డ్ (ఆన్ అవడం మొదలయ్యే వోల్టేజీ) 0.65 వోల్టులు కాబట్టి అంచు సన్నగానే ఉన్నా దాటలేదు. డీబగ్గర్ 4.7 కిలోఓమ్‌ల భారాన్ని లెక్కచేయదు.

లెక్క కుదిరింది కదా అని రిలేని అక్కడే ఉంచేయకూడదు. డీబగ్గర్ తగిలించిన మరుక్షణం అదే తీగ మీద డేటా సెకనుకి లక్షల బిట్ల వేగంతో కిందికీ పైకీ ఊగుతుంది. గేటు ఆ ఊపుని పాటిస్తుంది. గేటు ముందు ఫిల్టర్ పెట్టి ఆ ఊపుని మింగించాలనుకునేవాళ్లున్నారు, కానీ డీబగ్గర్ ఆగిపోయి తీగని పైన వదిలేస్తే ఏ ఫిల్టరూ ఆపలేదు. కదిలేవి, కాగేవి, మోగేవి ఈ రెండు పిన్‌ల మీద ఉండకూడదు. దీనికి మినహాయింపు వెతకడం కంటే వేరే పిన్ వెతకడం తేలిక.

స్విచ్ పెట్టొచ్చు, కెపాసిటర్ పెట్టకూడదు

ఎస్‌డబ్ల్యూడీ డేటా తీగ రెండు వైపులా నడుస్తుంది. డీబగ్గర్ ఎనిమిది బిట్ల విన్నపం పంపి తీగ వదిలేస్తుంది. ఒక క్లాక్ విరామం తర్వాత చిప్ అదే తీగని పట్టుకుని మూడు బిట్ల జవాబిస్తుంది. అది సరిగ్గా వస్తేనే సంభాషణ ముందుకు సాగుతుంది. తీగ మీద ఇంకేది వేలాడుతున్నా ఈ చేతులు మారే చోటే తడబాటు వస్తుంది. ఐడీఈ మాత్రం ‘టార్గెట్ దొరకలేదు’ అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటుంది.

పీఏ13 మీద నొక్కుడు స్విచ్, దాని పక్కన కంపనం పోవడానికి 100 నానోఫారడ్‌ల కెపాసిటర్ పెట్టారనుకోండి. డీబగ్గర్ అవుట్‌పుట్ వరుసలో సాధారణంగా 100 ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది. ఆ రెండిటి కాలస్థిరాంకం 10 మైక్రోసెకండ్లు. 1 మెగాహెర్ట్జ్ వేగంలో ఒక బిట్‌కి దక్కేది 1 మైక్రోసెకండే. తీగ సగం దారి కూడా ఎక్కకముందే బిట్ దాటిపోతుంది. క్లాక్ బాగా తగ్గిస్తే ఒక్కోసారి నడుస్తుంది, ఎస్‌టీ లింక్ వీ2 అయితే 5 కిలోహెర్ట్జ్ దాకా దిగుతుంది కూడా. కానీ ఆ వేగంలో ఉత్పత్తి లైన్‌లో ప్రోగ్రామ్ ఎక్కించాలంటే తెల్లారుతుంది.

పరిష్కారం ఒక్క రెసిస్టర్. మైక్రోకంట్రోలర్ పిన్‌కీ, స్విచ్, కెపాసిటర్ల జంటకీ మధ్య 1 కిలోఓమ్ పెడితే చాలు. ఇప్పుడు కెపాసిటర్‌ని గ్రౌండ్‌గానే లెక్కించినా డీబగ్గర్ 100 ఓమ్‌ల గుండా పిన్‌ని 3 వోల్టులకి ఎక్కించగలదు. చిప్‌కి ‘ఒకటి’ అనిపించడానికి సుమారు 2.3 వోల్టులు చాలు. స్విచ్‌ని వేలితో నొక్కిపట్టి ఉంచినా డీబగ్గర్ పనిచేస్తుంది. చిప్ జవాబిచ్చేటప్పుడు దాని మీద పడే భారం 3.3 మిల్లీఆంపియర్లే.

ఈ రెసిస్టర్ ఎక్కడ పెట్టాలన్నది దాని విలువకంటే ముఖ్యం. డీబగ్ కనెక్టర్ నుంచి చిప్‌కి తీగ నేరుగా వెళ్లాలి. రెసిస్టర్ పక్కదారిలో, స్విచ్ వైపు వెళ్లే కొమ్మలో ఉండాలి. టెస్ట్ ప్యాడ్ కూడా రెసిస్టర్‌కి చిప్ వైపునే రావాలి. స్కీమాటిక్‌లో అన్నీ సరిగ్గానే కనిపిస్తాయి, లేఅవుట్ చేసే మనిషి చోటు కుదరక ప్యాడ్‌ని స్విచ్ పక్కకి జరుపుతాడు. అప్పుడు ప్రోగ్రామింగ్ సిగ్నల్ మొత్తం కెపాసిటర్‌ని దాటుకుని, 1 కిలోఓమ్ గుండా చిప్‌కి చేరాలి. రెసిస్టర్ ఉండీ ఫలితం లేదు. నెట్ పేరు వేరుగా పెట్టి, లేఅవుట్ నోట్‌లో ఆ సంగతి రాయడమే దీనికి మందు.

ఎల్ఈడీతో ఇంత గొడవ లేదు. 330 ఓమ్‌ల గుండా ఎర్ర ఎల్ఈడీ గ్రౌండ్‌కి వెళ్తే డీబగ్గర్ కోల్పోయేది 0.35 వోల్టులు, అంతే. ప్రోగ్రామ్ ఎక్కేటప్పుడు అది మినుకుమినుకుమంటుంది, పని జరుగుతోందని చెప్పే దీపంగా పనికొస్తుంది.

ఇంకో చిప్ అవుట్‌పుట్‌ని ఇక్కడికి తేవడం మాత్రం కష్టాల్ని కొనితెచ్చుకోవడమే. సెన్సర్ ఇంటరప్ట్ లైనో, జీపీఎస్ యూఆర్ట్ అవుట్‌పుట్టో నేరుగా కలిపితే ఒక వైపు డీబగ్గర్, ఒక వైపు సెన్సర్ తీగని ఎదురెదురుగా లాగుతాయి. 1 కిలోఓమ్ పెడితే గెలుపు డీబగ్గర్‌దే అవుతుంది, నిజమే. కానీ క్లాక్ తీగ మీద ఆ సర్దుబాటుని కూడా నమ్మకూడదు. డేటా తీగ మీద మచ్చ పడితే ప్యారిటీ (తప్పు పట్టే బిట్) తప్పి ఆ ఒక్క మాట పోతుంది, డీబగ్గర్ మళ్లీ అడుగుతుంది. క్లాక్ తీగ మీద ఒక తప్పు అంచు పడితే ఆ తర్వాత బిట్లన్నీ ఒక స్థానం జరిగిపోతాయి. ఒక్క పిన్ మాత్రమే పంచుకోక తప్పదంటే పంచుకోవాల్సింది డేటా పిన్‌నే, క్లాక్ పిన్‌ని కాదు.

పైగా క్లాక్ పిన్ విషయంలో చిప్‌లన్నీ ఒకే మాట మీద లేవు. ఎస్‌టీ దాన్ని కిందికి లాగితే, మరో కంపెనీ చిప్ శామ్‌డీ21లో అదే పిన్‌ని 1 కిలోఓమ్‌తో పైకి లాగమని తయారీదారు సిఫార్సు. ఆ చిప్ రీసెట్ వదిలేటప్పుడు క్లాక్ కిందికి ఉంటే డీబగ్గర్ వచ్చిందనుకుని ప్రాసెసర్‌ని ఆపేసి కూర్చుంటుంది. ఎస్‌టీ బోర్డు మీద నిరపాయంగా నడిచిన గ్రౌండ్ వైపు స్విచ్‌ని శామ్‌డీ21 క్లాక్ పిన్ మీదకి కాపీ చేస్తే, దాన్ని నొక్కిపట్టి పవర్ ఇచ్చిన వాడి బోర్డు లేవదు.

తలుపు మూసుకున్నాక

ఫర్మ్‌వేర్ డీబగ్ పిన్‌లని మామూలు పిన్‌లుగా మార్చేశాక డీబగ్గర్‌కి తలుపు మూసుకుపోతుంది. ఎఫ్103లో ఇది ఏఎఫ్‌ఐఓ రిజిస్టర్ ముట్టుకుంటేనే జరుగుతుంది. ఎఫ్0, ఎఫ్4, జీ0 కుటుంబాల్లో మామూలు పిన్ మోడ్ రిజిస్టరే తాళం చెవి. పోర్ట్ ఏ మోడ్ రిజిస్టర్ రీసెట్ విలువలో పీఏ13, పీఏ14 డీబగ్ పనికే రాసి ఉంటాయి. ఎవరైనా ఎల్ఈడీ ఒకటి వెలిగించడానికి ఆ రిజిస్టర్ మొత్తానికి ఒకే విలువ రాసేస్తే, కోరకుండానే రెండూ ఇన్‌పుట్‌లైపోతాయి.

ఎస్‌టీఎం32లో దీని నుంచి బయటపడే దారి ‘కనెక్ట్ అండర్ రీసెట్’. డీబగ్గర్ రీసెట్ తీగని కిందికి పట్టుకుని, అదే సమయంలో చిప్‌తో మాట కలిపి, రీసెట్ వదలగానే మొదటి ఆదేశం దగ్గరే ఆగమని ప్రాసెసర్‌కి చెప్పి, అప్పుడు వదులుతుంది. ఫర్మ్‌వేర్‌కి పిన్ మార్చే అవకాశమే రాదు. దీనికి కావాల్సింది కనెక్టర్‌లో రీసెట్ తీగ. పిన్‌లు పంచుకునే బోర్డులో మూడు తీగల కనెక్టర్ పెట్టి రీసెట్‌ని వదిలేయడం కంటే పెద్ద పొదుపు తప్పు లేదు. యూఎస్‌బీ స్టిక్ రూపంలో దొరికే చౌక ఎస్‌టీ లింక్ క్లోన్‌లు కొన్నిటిలో ‘రీసెట్’ అని రాసున్న పిన్ ఎస్‌టీఎం8 కోసమే, ఎస్‌టీఎం32కి పనిచేయదు. అప్పుడు రీసెట్ బటన్ చేత్తో నొక్కిపట్టి, కనెక్ట్ నొక్కి, క్షణం చూసి వదలడమే. నాలుగైదు సార్లలో ఒకసారి తగులుతుంది. బ్లూ పిల్ లాంటి బోర్డులో బూట్0 జంపర్ మార్చి రీసెట్ చేసినా చాలు. అప్పుడు పరిగెత్తేది ఎస్‌టీ సొంత బూట్‌లోడర్, మన కోడ్ కాదు కాబట్టి తలుపు తెరిచే ఉంటుంది.

ఫర్మ్‌వేర్‌లో ఒక చిన్న జాగ్రత్త ఈ తంటాలన్నీ తగ్గిస్తుంది. బూట్ అయ్యాక సెకను రెండు సెకన్లు ఆగి, ఆ తర్వాతే పిన్ మార్చాలి. లేదా ఫలానా స్విచ్ నొక్కి ఉంటే అసలు మార్చకూడదు. అయితే ఆ ఆలస్యం వాచ్‌డాగ్ (ప్రోగ్రామ్ ఇరుక్కుంటే చిప్‌ని రీసెట్ చేసే టైమర్) రీసెట్ తర్వాత కూడా నడుస్తుందని గుర్తుంచుకుని, రీసెట్ కారణం చూసి పవర్ ఇచ్చినప్పుడు మాత్రమే ఆగేలా రాయడం మేలు.

ఏవీఆర్ దగ్గర ఇదే కథ, వేరే తీరు

ఆర్మ్ చిప్‌లకి ముందు నుంచే, ఏటీమెగా, ఏటీటైనీ లాంటి ఏవీఆర్ చిప్‌లలో ఈ పంపకం ఉంది. ఇంజినీరింగ్ కాలేజీ ప్రాజెక్టుల్లో ఏటీమెగా16, ఏటీమెగా32 వాడినవాళ్లకి పోర్ట్ సీ సగమే పనిచేయడం గుర్తుండే ఉంటుంది. ఎల్‌సీడీని పోర్ట్ సీకి కలిపితే చెత్త అక్షరాలు వచ్చేవి, పోర్ట్ బీకి మారిస్తే సరిపోయేది, కారణం ఎవరూ అడిగేవాళ్లు కాదు. ఆ చిప్‌లు ఫ్యాక్టరీ నుంచి జేటాగ్ ఫ్యూజ్ (పవర్ పోయినా నిలిచే సెట్టింగ్ బిట్) ఆన్‌లో వస్తాయి. పీసీ2 నుంచి పీసీ5 దాకా నాలుగు పిన్‌లు జేటాగ్‌వే. ఫ్యూజ్ తీసేస్తే, లేదా కోడ్‌లో జేటాగ్ ఆపే బిట్‌ని నాలుగు క్లాక్‌ల లోపు రెండుసార్లు రాస్తే తిరిగొస్తాయి.

ఏటీమెగా328లో ప్రోగ్రామింగ్ ఎస్‌పీఐ పిన్‌ల మీదే జరుగుతుంది, ఎస్‌డీ కార్డు కూడా అక్కడే ఉంటుంది. ప్రోగ్రామర్ రీసెట్‌ని కిందికి పట్టగానే చిప్ పిన్‌లన్నీ తేలిపోతాయి, కార్డుని ఎంచుకునే సెలెక్ట్ తీగతో సహా. ఆ తీగ తేలుతూ కిందికి జారితే కార్డు తననే పిలిచారనుకుని జవాబివ్వడం మొదలెడుతుంది, ప్రోగ్రామింగ్ తప్పుతుంది. ప్రతి సెలెక్ట్ తీగకీ 10 కిలోఓమ్‌ల పుల్‌అప్ పెట్టని డిజైన్‌కి ఇదో అప్పుడప్పుడు వచ్చే జబ్బు. ఆర్డుయినో ఊనో 13వ పిన్ ఎల్ఈడీ కూడా ఎస్‌పీఐ క్లాక్ మీదే ఉంది. ఆర్3 బోర్డులో దాన్ని నేరుగా కాకుండా ఒక ఆప్‌ఆంప్ బఫర్ గుండా వెలిగిస్తారు, కాబట్టి తీగ మీద భారం పడదు.

ఎనిమిది కాళ్ల ఏటీటైనీ85లో అయితే ఒక పిన్ కోసం రీసెట్‌నే తీసేసే ఫ్యూజ్ ఉంది. అది వేశాక మామూలు ప్రోగ్రామర్ ఇక ఆ చిప్‌తో మాట్లాడలేదు, రీసెట్ పిన్ మీద 12 వోల్టులు ఇచ్చే ప్రత్యేక ప్రోగ్రామర్ కావాలి. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. పైగా ఆ పిన్ మీద ఇప్పుడో సెన్సర్ కలిపి ఉంటుంది కాబట్టి, బోర్డు మీదే 12 వోల్టులు ఇస్తే ముందు పోయేది ఆ సెన్సరే.

ఈఎస్‌పీ32లో ఇబ్బంది ఇంకో మెలిక తిరుగుతుంది. జేటాగ్ 12 నుంచి 15 దాకా ఉన్న పిన్‌ల మీద ఉంటుంది, ఎస్‌డీ కార్డు స్లాట్ ఒకటి కూడా అవే పిన్‌లు వాడుతుంది. వాటిలో 12వ పిన్‌కి మూడో పని ఉంది. బూట్ సమయంలో అది పైకి ఉంటే ఫ్లాష్ మెమరీకి 1.8 వోల్టులు ఇవ్వాలని చిప్ అర్థం చేసుకుంటుంది. ఎస్‌డీ కార్డు తీగలకి పుల్‌అప్ తప్పనిసరి. ఆ పుల్‌అప్ 12ని పైకి లాగితే 3.3 వోల్టుల ఫ్లాష్ ఉన్న మాడ్యూల్ బూటే కాదు. ఫ్లాష్ వోల్టేజీని ఈఫ్యూజ్‌లో శాశ్వతంగా 3.3కి రాసేయడం దీనికి ఉన్న దారి. ఆ తర్వాత వచ్చిన ఈఎస్‌పీ32సీ3, ఎస్3 చిప్‌లు యూఎస్‌బీ తీగ మీదే జేటాగ్ ఇచ్చి ఈ తలనొప్పిని చాలావరకు తగ్గించాయి. ఆర్‌పీ2040లో అయితే ఎస్‌డబ్ల్యూడీకి విడి పిన్‌లే ఉన్నాయి, పంచుకునే ప్రశ్నే రాదు.

పంచుకోకుండా గట్టెక్కే దారులు

రెండు పిన్‌ల కోసం ఇంత లెక్క చేసేకంటే ఆ రెండిటినీ వేరే చోట మిగుల్చుకోవడం చాలాసార్లు చవక. నాలుగు స్విచ్‌లని వేర్వేరు రెసిస్టర్లతో ఒకే ఏడీసీ (వోల్టేజీ కొలిచే) పిన్‌కి తేవచ్చు. ఎల్ఈడీలని 74హెచ్‌సీ595 షిఫ్ట్ రిజిస్టర్ మీదకి పంపొచ్చు. ఐ2సీ బస్ ఎలాగూ ఉంటే పీసీఎఫ్8574 ఎనిమిది పిన్‌లు ఇస్తుంది. వీటన్నిటికీ తర్వాతే డీబగ్ పిన్‌లు. అప్పుడు కూడా స్విచ్, ఎల్ఈడీ దాటి ఇంకేదీ వద్దు.

పంచుకున్నాక మిగిలే ఒక ఇబ్బందికి సర్క్యూట్‌లో మందు లేదు. పీఏ13 మీద ఉన్న స్విచ్ కోడ్‌లో తప్పు ఉంటే, ఆ కోడ్‌ని డీబగ్గర్‌తో అడుగడుగునా నడిపి చూడలేం. స్విచ్ పనిచేయాలంటే డీబగ్గర్ పోవాలి, డీబగ్గర్ ఉండాలంటే స్విచ్ పోవాలి. దీన్ని చిప్ ఎంపికతో దాటొచ్చు. ఎఫ్030 కుటుంబంలోనే 32 కాళ్ల కే6 ఉంది. తొలి నమూనా బోర్డులని దానితో చేసి, స్విచ్‌ని వేరే పిన్‌కి పెట్టి, పిన్ సంఖ్యని కోడ్‌లో ఒకే చోట మార్చుకునేలా రాసుకుంటే, డీబగ్ అంతా అక్కడ అయిపోతుంది. 20 కాళ్ల ఎఫ్4 బోర్డుకి వచ్చేసరికి మిగిలేది ఆ ఒక్క లైను మార్చి, కే6 ఫ్లాష్ 32 కిలోబైట్లయితే ఎఫ్4 ఫ్లాష్ 16 కిలోబైట్లే కాబట్టి కోడ్ అందులో పడుతుందో లేదో చూసుకోవడం.